సూపర్ హీరోకు తెలివి కొలిచి పెట్టాలి

సంపాదకులకు,

మీ పిల్లల పేజీకి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వస్తున్న సూపర్ హీరో బొమ్మల కథల్లో గీత బాగుంటోంది. కథే మూడో పేజీకల్లా కూలబడుతోంది. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే, హీరో తెలివి. కొందరు వాడిని కొండలెత్తే మొద్దుగా వదిలేస్తున్నారు. ఇంకొందరు తల పక్కన డబ్బా గీసి ‘ఐక్యూ 300’ అని రాసేస్తున్నారు. ఐక్యూ అనేది సగటును 100గా పెట్టుకుని, మిగతావాళ్లు దానికి అటూ ఇటూ ఎంత దూరంలో ఉన్నారో చెప్పే కొలత. 300కి అందులో అర్థమే లేదు. ఉన్నా బొమ్మలో కనబడదు.

తెలివి అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, హీరోకు కావలసినవి రెండు. తన బలం తగిలితే ఏమవుతుందో ముందే తెలియడం ఒకటి. లేనిదాన్ని కొత్తగా కనిపెట్టడం ఇంకొకటి. మొదటిది బలంతో పాటు పెరగాలి. రెండోదాన్ని బలం పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. పిల్లలే కాదు, చేయి తిరిగిన రచయితలు కూడా ఈ రెంటినీ ఒకే గిన్నెలో కలిపేస్తారు.

వరద వచ్చింది, గేటు ఇరుక్కుంది, హీరో చేత్తో ఎత్తేశాడు. ఇది తరచూ కనబడే సీను. నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. ఒక్కోటి దాదాపు 14 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల ఎత్తు. పైఅంచు దాకా నీళ్లుంటే ఒక్క గేటు మీద పడే తోపుడు సుమారు 1,180 టన్నుల బరువుతో సమానం. అయితే ఇవి రేడియల్ గేట్లు. వంపు తిరిగిన ఉక్కు పలక, దాని వెనక చేతులు, ఆ చేతులు తిరిగే కీళ్లు ఉంటాయి. నీటి తోపుడంతా ఆ కీళ్ల గుండా డ్యాం కట్టడంలోకి పోతుంది కాబట్టే, గేటు బరువునూ రాపిడినీ గెలిస్తే మోటారుకు చాలు. హీరో పలక మధ్యలో అరచేయి ఆనించి నెడితే పలక చిరుగుతుంది తప్ప గేటు లేవదు. ఒక కొస పట్టుకుని ఎత్తితే పక్కకు వాలి మళ్లీ ఇరుక్కుంటుంది. మరీ పెద్ద తప్పు 26 గేట్లూ ఒక్క ఊపులో లేపడం. దిగువన ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు పరిగెత్తే టైము కూడా ఉండదు. ఈ హీరోకు ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత లేపి ఆగాలో, సైరన్ మోగిందో లేదో చూసుకునే బుద్ధి ఉంటే చాలు. ఆ చూసుకోవడానికి నాలుగు ఫ్రేములు ఇవ్వండి. ఎత్తే బొమ్మ కన్నా అవే ఊపిరి బిగబట్టిస్తాయి.

పైనుంచి పడేవాళ్లను పట్టుకునే సీనులోనూ లెక్క తప్పుతోంది. 90 మీటర్లు పడేసరికి మనిషి వేగం సెకనుకు 42 మీటర్లు, అంటే గంటకు 150 కిలోమీటర్లు. హీరో కింద నిలబడి చేతులు చాపి, అర మీటరు వంగి పట్టుకున్నాడనుకుందాం. ఆ శరీరం మీద దాని బరువుకు దాదాపు 180 రెట్ల దెబ్బ పడుతుంది. అంతకన్నా నేల మీద పడటం ఏం తక్కువ? పై నుంచి తాడు విసిరి అర సెకనులో ఆపినా తొమ్మిదిన్నర రెట్లు. రెండు సెకన్లలో ఆపితే మూడు రెట్లకు దిగుతుంది, కానీ ఆగడానికి మరో 42 మీటర్ల ఖాళీ కావాలి. ఎగరగలిగే హీరో అయితే ముందు తానూ అదే వేగంతో కిందికి దూకి, పక్కకు చేరి, పట్టుకుని, ఆ తర్వాత నెమ్మదించాలి. 1973లో స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చావు ఇలాగే జరిగింది. స్పైడర్‌మ్యాన్ విసిరిన సాలెగూటి దారం అందింది, కానీ ఒక్కసారిగా ఆగిన కుదుపుకు ప్రాణం పోయింది. ఆ దారం విసిరే యంత్రాన్ని సొంతంగా తయారు చేసుకున్న సైన్సు విద్యార్థి వాడు. కనిపెట్టే తెలివి నిండుగా ఉంది, ఫలితం తెలిసే తెలివి ఆ క్షణాన అందలేదు. హనుమంతుడంతటివాడే లంకకు నిప్పు పెట్టాక సీతమ్మ ఏమైందోనని బెంగపడ్డాడు. ఈ తెలివి ఒక ఫ్రేము ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోతేనే తంటా.

ఇక కనిపెట్టే తెలివి. నల్లగొండ పిల్లల కథల్లో ఫ్లోరైడ్ రాకుండా ఉండదు, రావాలి కూడా. కానీ హీరో రాత్రికి రాత్రి మందు కనిపెట్టి బోర్లన్నీ బాగుచేశాడని రాస్తే, మర్రిగూడలో చదివే పిల్ల వెంటనే అడుగుతుంది, ‘మా తాత బొక్కలు వంకరపోయేదాకా వీడెక్కడున్నడు?’ అని. జవాబుండదు. అంత మేధావిని నిజమైన ఊళ్లో నిలబెడితే ఆ ఊరి కష్టమంతా వాడి తప్పయి కూర్చుంటుంది.

నిజానికి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతి మన జిల్లా పేరుతోనే ఉంది. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ టెక్నిక్ అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి, మొదట వేగంగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేటను తీసుకోవాలి. సున్నం పటికలో దాదాపు ఇరవయ్యో వంతు. పటిక ఎంతన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారగుణం ఎంతుందో దాన్ని బట్టి మారుతుంది. కొలత తప్పితే ఫ్లోరైడ్ అలాగే ఉండిపోతుంది, లేదా పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోస్తే మళ్లీ చిక్కే. పైగా ఇది రోజూ చేయాల్సిన పని. కథ ఇక్కడ పుడుతుంది. ఎగిరేవాడు పటిక బస్తాలు మోసుకొస్తాడు, ప్రతి ఇంట్లో ప్రతి పొద్దున బకెట్టు కలపలేడు. పక్క ఊరి కొలతే ఈ ఊళ్లోనూ వేసి దెబ్బతిననివ్వండి. ఆ తప్పును నీళ్ల ట్యాంకు చూసుకునే మనిషి పట్టుకోవాలి, హీరో కాదు.

బలవంతుడికి కనిపెట్టే తెలివిని ఇలా తగ్గించడం పాత చిట్కానే. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చినప్పుడు ఎగరడం కూడా రాదు, మైలులో ఎనిమిదో వంతు దూకేవాడు. బతుకుతెరువు పత్రికా విలేకరి పని. 1940లో వాడి మీదికి దింపిన విలన్ లూథర్ బలంలో మామూలు మనిషి, బుర్ర మాత్రం రాక్షసి. అదే ఏడాది వచ్చిన కెప్టెన్ మార్వెల్‌కు (ఇప్పుడు షాజామ్ అంటున్నారు) వరాల జాబితాలో సాలమన్ రాజు వివేకం కూడా ఉంది. ఇలా రాసిపెట్టాక వాడు చేసే ప్రతి పొరపాటుకూ రచయితే సంజాయిషీ చెప్పుకోవాలి. మన కార్టూనిస్టు ప్రాణ్ ఇంకా సులువు దారి పట్టాడు. బుర్రను ముసలి చాచా చౌదరికి, బలాన్ని జూపిటర్ నుంచి వచ్చిన సాబూకు పంచేశాడు. విక్రమార్కుడి కథలో తెలివే గొయ్యి. జవాబు తెలుసు కాబట్టి నోరు విప్పాలి, విప్పితే శవం చెట్టెక్కుతుంది. బలహీనతగా మారే తెలివి ఇంత చక్కగా అమరిన కథ ఇంకోటి మాకు తోచడం లేదు. సూపర్‌మ్యాన్‌లా పచ్చరాయి (క్రిప్టోనైట్) దగ్గరికొస్తే కళ్లు తిరిగి పడిపోవడం దీని ముందు దిగదుడుపే.

తెలివిని చూపడానికి మాటలు కాదు, ఒక ఓటమి కావాలి. పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో ముందు మానుకు రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు పోశారు. మందు బయటికి కారిపోయింది. తర్వాత నీళ్లు కలిపిన మందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి, బొట్టుబొట్టుగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద ఆసరాలు కట్టారు. పోయడం, కారడం, బొట్టు. మూడు ఫ్రేములు, ఒక్క మాట అక్కర్లేదు. మీ హీరో ఆ కొమ్మను భుజాన మోయగలడు సరే, ఎన్నాళ్లు మోస్తాడు?

ఎనిమిది పేజీల కథ, పేజీకి ఆరు ఫ్రేములు అనుకుంటే మొత్తం 48. హీరోకు ఒక్క పని బాగా తెలియనివ్వండి, బావి పూడిక తీయడమో, మోటారు వైండింగో, పాముల జాతులో. అది మొదటి 12 ఫ్రేముల్లో ఒకసారి మామూలుగా కనబడాలి, 40వ ఫ్రేములో అక్కరకు రావాలి. 39లో హఠాత్తుగా గుర్తొస్తే పాఠకుడు నమ్మడు. ఆలోచన బుడగలో పన్నెండు మాటలు దాటితే బొమ్మ నలిగిపోతుంది. ‘ఇప్పుడు అర్థమైంది!’ అన్న బుడగ దాదాపు ప్రతి కథలోనూ వస్తోంది. ఏమర్థమైందో ఆ ఫ్రేములోని బొమ్మలో కనబడకపోతే, అచ్చుకు ముందు దాన్ని చెరిపేయమని మీ పేజీ చూసేవారికి చెప్పండి.

– బొమ్మల కథల రచయితలు, నల్లగొండ