అమెరికా పత్తి రైతులు అడిగిన గోడౌన్ల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా రైతుల రాజకీయాల మీద ఈమధ్య మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివానండీ. దేశంలో డబ్బు చలామణి పెరగడానికి వెండి నాణేలు కావాలని డెమోక్రాట్ నాయకుడు బ్రయన్ ఇచ్చిన స్పీచ్, 1896 అధ్యక్ష ఎన్నికల్లో ఆయన మెకిన్లీ చేతిలో ఓడిపోవడం, అంతటితో అయిపోయింది. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ ఉద్యమంలో అన్నిటికన్నా గట్టి ఆలోచన వెండి కాదు, టెక్సాస్ పత్తి రైతుల మధ్య పుట్టిన గోడౌన్ల ప్లాన్, దాని గురించి ఒక్క లైను కూడా లేదు.

సివిల్ వార్ (1861-65లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) అయ్యాక అక్కడ సౌత్‌లో, అంటే దక్షిణ రాష్ట్రాల్లో, రైతుల చేతిలో డబ్బే లేదు. విత్తనం, పిండి, బట్టలు అన్నీ ఊళ్లో షాపతను అప్పు మీద ఇచ్చి, ఇంకా మొలవని పంటని తాకట్టు రాయించుకునేవాడు. ఆ షాపులో ఒకే వస్తువుకి రెండు రేట్లు, క్యాష్‌కి ఒకటి, అప్పుకి అంతకన్నా బాగా ఎక్కువ ఇంకోటి. పైగా పత్తే వెయ్యాలని షరతు. పంట వచ్చాక లెక్క చూసుకుంటే అప్పు తీరదు, తీరకపోతే వచ్చే ఏడు కూడా ఆ షాపుకే కట్టుబడి ఉండాలి. మందుల షాపులో అప్పు పెట్టి పత్తి వాళ్లకే తోలే మన గుంటూరు, వరంగల్ రైతులకి ఇది వేరే చెప్పక్కర్లేదు. దీనికి తోడు రేటు, 1870ల మొదట్లో పౌనుకి (తూకంలో అర కిలో కన్నా కొంచెం తక్కువ) 10 సెంట్ల పైన ఉన్న పత్తి 1894 కల్లా 5 సెంట్ల దగ్గరికొచ్చేసింది, అప్పు అంకె మాత్రం అలాగే ఉంది, అంటే అదే అప్పు తీర్చడానికి రెండింతల పత్తి అమ్మాలి.

రైతులు ఊరికే కూర్చోలేదండీ. టెక్సాస్‌లో మొదలైన ఫార్మర్స్ అలయెన్స్ అనే రైతు సంఘం డాలస్‌లో సొంతంగా ఒక ఎక్స్‌ఛేంజ్ పెట్టింది, అందరి పత్తి కలిపి అమ్ముదాం, సరుకులు కలిపి కొందాం అని. బ్యాంకులు అప్పివ్వలేదు, అది మూతపడింది. ఆ దెబ్బ తిన్నాకే అలయెన్స్ నాయకుడు చార్లెస్ మాక్యూన్ 1889లో సెయింట్ లూయిస్ సభలో సబ్‌ట్రెజరీ ప్లాన్ పెట్టాడు. గవర్నమెంటే గోడౌన్లు కట్టాలి, రైతు పంట అందులో పెడితే విలువలో 80 శాతం దాకా 1 శాతం వడ్డీకి అప్పివ్వాలి, అందరూ ఒకేసారి అమ్మి రేటు పడేసుకోకుండా మంచి రేటు వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. షాపతని తాకట్టుని మొదట్లోనే కొట్టే ఆలోచన ఇది. అక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్‌లో రెండు పెద్ద పార్టీలూ పట్టించుకోలేదు, సొంత పార్టీ కావాలనే పట్టుదల సౌత్‌లో పెరగడానికి ఇదొక పెద్ద కారణం. 1892లో ఒమాహాలో పీపుల్స్ పార్టీ సభ, ఆ ఏడాదే అధ్యక్ష ఎన్నికల్లో వాళ్ల క్యాండిడేట్ వీవర్‌కి 10 లక్షల పైన ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లు). ఆదాయపు పన్ను, సెనేటర్లని ప్రజలే ఎన్నుకోవడం కూడా వాళ్ల డిమాండ్లే, రెండూ 1913లో వచ్చాయి. తర్వాత 1896లో ఆ పార్టీ బ్రయన్‌తో కలిసినప్పుడు వెండి ఒక్కటే ముందుకొచ్చింది, గోడౌన్లు వెనక్కిపోయాయి. కానీ 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గవర్నమెంట్ గోడౌన్‌లో పెట్టిన పత్తి మీద పౌనుకి 10 సెంట్లు అప్పిచ్చింది చూడండి, రేటు రాకపోతే పంట అప్పజెప్పేస్తే అప్పు మాఫీ, అది ఈ రైతుల ఆలోచన కొనసాగింపే అని నా అభిప్రాయం.

ఇంకో విషయం కూడా వదిలేశారు, ఇది చేదు విషయం. అలయెన్స్ నల్లజాతి వాళ్లని చేర్చుకోలేదు, అందుకని 1886లో టెక్సాస్‌లోనే కలర్డ్ ఫార్మర్స్ అలయెన్స్ విడిగా పుట్టింది. 1891లో ఆ సంఘం 100 పౌన్లకి ఒక డాలర్ కూలి కావాలని పత్తి తీత సమ్మెకి పిలుపిస్తే, తెల్ల అలయెన్స్ నాయకుడు పోక్ వాళ్లకి ఎదురు నిలబడ్డాడు, పెంచిన కూలి ఇవ్వాల్సింది తమ రైతులే కదా మరి. ఆర్కాన్సాస్‌లో లీ కౌంటీలో సమ్మె చేసిన వాళ్లని వేటాడి చంపారు, దాదాపు 15 మంది. తెల్ల పేదలూ నల్ల పేదలూ కలవాలని 1892లో జార్జియాలో ఊరూరా చెప్పిన పీపుల్స్ పార్టీ నాయకుడు టామ్ వాట్సన్ తర్వాత నల్లవాళ్ల ఓటు హక్కు తీసెయ్యాలన్నాడు. రైతు ఉద్యమం అంటే నాకు ప్రాణం, అయినా ఇది దాచిపెట్టి రాస్తే ఒప్పుకోలేను.

మీ ఆదివారం సంచికలో మాక్యూన్ ప్లాన్ మీద, లీ కౌంటీ సమ్మె మీద విడిగా వ్యాసాలు వెయ్యండి. మన మార్కెట్ యార్డుల్లో పంట గోడౌన్‌లో పెట్టి అప్పు తీసుకునే స్కీము ఎంతమంది చిన్న రైతులకి అందుతోందో, కౌలు రైతుకి అసలు ఇస్తున్నారో లేదో కూడా మీ రిపోర్టర్లతో కనుక్కుని పక్కనే వేస్తే మా ఊళ్లో అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు, గుంటూరు జిల్లా