మోవర్ కింద నుంచి నా చెయ్యి తీయించినవాళ్లకి

అందరికీ నమస్కారం.

పోయిన శనివారం గడ్డి కోసే బండి కింద నా కుడిచెయ్యి నలిగిపోవాల్సింది. నలగలేదు. దానికి ముగ్గురికి నలుగురిలో థ్యాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు. ముగ్గురూ పేర్లు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

మేం ఉండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్ దగ్గర. ఇల్లు కొన్నప్పుడు స్థలం ముప్పాతిక ఎకరం అన్నారు. గజాల్లో లెక్కేసుకుంటే 3,630. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు కోసం తిరిగిన రోజులు గుర్తొచ్చి తెగ మురిసిపోయాం. ఆ గజాలన్నిట్లోనూ గడ్డి మొలుస్తుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఇక్కడ బెర్ముడా అని పిలిచేది మన గరికే. వినాయక చవితికి కట్టలు కొనుక్కునే గరికని ఇక్కడ ఎండాకాలమంతా వారం వారం కొయ్యాలి, లేకపోతే కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది. అందుకే రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక రైడింగ్ మోవర్ కొన్నాను. కూర్చుని నడిపే రకం, 42 అంగుళాల డెక్కు (బ్లేడ్లని పైనుంచి కప్పే రేకు మూత), దాని కింద రెండు బ్లేడ్లు.

ఈ మధ్య గడ్డి తెగాల్సింది పోయి చీలికలవుతోంది. కొసలు తెల్లబడుతున్నాయి. బ్లేడ్లు మొద్దుబారాయని అర్థమైంది. విప్పి సాన పట్టిద్దామనుకున్నాను. కారు డిక్కీలో ఉన్న చిన్న జాకీ తెచ్చాను. గోడ కట్టగా మిగిలిన సిమెంటు బోలు బ్లాకులు రెండు ఉన్నాయి. డ్రైవ్‌వేలోనే ముందు వైపు పైకి లేపి, బ్లాకుల మీద ఆనించి, పక్కకి పడుకుని చెయ్యి లోపల పెట్టాను. మొదటి బోల్టు ఎంతకీ కదలట్లేదు. పానా మీద బలమంతా వేసి గుంజుతున్నాను.

అప్పుడే పక్కింటి పెద్దాయన కుక్కని తిప్పుతూ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. అరవలేదు. "నాకో చిన్న సాయం కావాలి, మెల్లగా చెయ్యి బయటికి తీసి ఒకసారి ఇటు వస్తావా" అన్నారు, అంతే. ఏదో మొయ్యాలేమో అనుకుని లేచి వెళ్లాను. నన్ను తన వెనక్కి జరిపి, బూటుతో ముందు టైరుని ఇలా తాకారో లేదో, ఎడమ బ్లాకు పటుక్కున రెండు ముక్కలైంది. జాకీ పక్కకి ఒరిగింది. మోవర్ ముందు భాగం దభీమని కింద పడి, జానెడు దూరం వెనక్కి జారింది. పానా ఇంకా బోల్టుకే ఉంది, డెక్కుకీ నేలకీ మధ్య వంగిపోయి.

బ్లాకులో సన్నటి బీట ఆయనకి దూరం నుంచే కనపడిందట. "అరిస్తే ఉలిక్కిపడి కదులుతావు, కదిలితే పడుతుంది, అందుకే సాయం అడిగాను" అని తర్వాత చెప్పారు. ఆ ఒక్క మాటకే జీవితాంతం ఆయన గడ్డి నేను కొయ్యొచ్చు.

తిట్టలేదు కూడా. మంచినీళ్లు తాగి రమ్మని, మధ్యాహ్నం గరాజ్‌లో మొదటి నుంచీ చేద్దామన్నారు. ఆ మూడు గంటల్లో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన వాళ్లలో చాలామంది ఇళ్లలో ఈ బండి ఉంది, నాలాగే జాకీ పెట్టేసేవాళ్లూ ఉంటారు.

మొదటి తప్పు చోటు. డ్రైవ్‌వే చూడ్డానికి చదునుగానే ఉంటుంది కానీ వాననీళ్లు పోవాలని వీధి వైపు వాలు ఇస్తారు. గరాజ్‌లో కాంక్రీటు మీదకి తెచ్చాం. ఇంజను చల్లారాక తాళం తీసి నా జేబులో పెట్టించారు. స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, మళ్లీ తగలకుండా పక్కకి కట్టేశారు. పని మధ్యలో ఇంజను పొరపాటున కూడా అంటుకోకూడదని.

తర్వాత పార్కింగ్ బ్రేకు. అది వేశాను కదా అన్నాను. ఈ బళ్లలో ఆ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే అన్నారు. ముందు వైపు లేపితే వెనక చక్రాలకి రెండు పక్కలా అడ్డు పెట్టాలి. వెనక వైపు లేపితే బ్రేకు ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకి అడ్డు ఉండి తీరాలి.

జాకీ ఎక్కడ ఆనించాలన్నదానికి ఆయన చాలాసేపు తీసుకున్నారు, మాన్యువల్ తెరిపించి మరీ. డెక్కు కింద పెట్టకూడదు, అది పల్చటి రేకు, పైగా కొక్కేలకి వేలాడుతుంటుంది. బంపరూ కాదు. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద తక్కెడలా ఊగుతుంది, కాబట్టి దాని చివర్లకి ఊతం ఇస్తే పైన బండి ఊగుతూనే ఉంటుంది. నేను బ్లాకులు పెట్టింది సరిగ్గా అక్కడే. ఊతం ఛాసిస్‌కే, అంటే బండి ఇనప చట్రానికే ఇవ్వాలి, కుడి ఎడమల రెండు చోట్ల. ట్రాలీ జాకీతో లేపి, రెండు జాక్ స్టాండ్లు, అంటే బరువు మోసే ఇనప కాళ్లు పెట్టి, జాకీ దించి బరువంతా స్టాండ్ల మీదకి వదిలాం. జాకీ లేపడానికే కానీ మోయడానికి కాదట. చేతులు లోపల పెట్టే ముందు బండిని పట్టుకుని గట్టిగా ఊపి చూడమన్నారు. మొదటిసారి కొంచెం కదిలింది. దించి, మళ్లీ మొదటి నుంచీ.

మా బండి బరువు మాన్యువల్ ప్రకారం 450 పౌండ్లు, అంటే రెండు క్వింటాళ్ల పైమాటే. ఆ బోలు బ్లాకులు గోడలో బరువు పరుచుకుంటే మోస్తాయి, ఇనుము ఒకేచోట నొక్కితే చెప్పాపెట్టకుండా పగులుతాయి. బండిని పక్కకి పడుకోబెడితే పోలేదా అని కూడా అడిగాను. పెట్రోలు కారుతుంది, ఆయిలు సిలిండర్లోకీ ఎయిర్ ఫిల్టర్లోకీ దిగుతుంది, బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు అని నవ్వారు.

ఆ స్టాండ్లు ఎక్కడివి అంటే, రెండో థ్యాంక్స్ అక్కడ. పెద్దాయనవి ఆయన కొడుకు ఇంట్లో ఉన్నాయి. ఆల్ఫారెట్టాలో ఉండే మన తమ్ముడొకడికి ఫోన్ చేస్తే, కూతురి డ్యాన్స్ క్లాసు మధ్యలోంచి ఇంటికెళ్లి స్టాండ్లు తెచ్చిచ్చి, మళ్లీ క్లాసు అయ్యేలోపు వెళ్లిపోయాడు. కాఫీ కూడా తాగలేదు. తమ్ముడూ, నీకు బాకీ ఉన్నాను.

మూడోది మా నాన్న. ఆ రాత్రి వీడియో కాల్‌లో సంగతంతా చెప్పాను. ఆయన మొదటి ప్రశ్న, "టైరు వెనక రాయి పెట్టినావారా?" ఖమ్మం దగ్గర మా ఊళ్లో ట్రాక్టర్ టైరు విప్పిన ప్రతిసారీ ఆయన చేసే మొదటి పని అది. రెండోది, ఇరుసు కింద తుమ్మ దిమ్మ పెట్టడం. ఆ దిమ్మ మోసుకొచ్చే డ్యూటీ చిన్నప్పుడు నాదే. మోయలేక ఏడ్చేవాణ్ని. పక్కింటాయన గరాజ్‌లోనూ సరిగ్గా అలాంటి ఓక్ దిమ్మ ఒకటి ఉంది, పెట్రోలు మరకలతో సహా. చూపిస్తే నాన్న, "ఆయనకి తెలుసు" అన్నాడు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు, "చెయ్యి చూపించు" అన్నాడు. కెమెరా ముందు రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూపించాను.

బ్లేడ్ల పని గంటలో అయిపోయింది. చేతి తొడుగులు, బ్లేడు తిరక్కుండా మధ్యలో చెక్కముక్క, పొడుగు పానా. ఆకురాయితో పాత వాలు ప్రకారమే రాసి, గోడకి మేకు కొట్టి బ్లేడుని మధ్య రంధ్రంతో తగిలించి, ఏ వైపు దిగుతుందో చూసి ఆ వైపు ఇంకొంచెం రాశాం. బిగించేటప్పుడు బ్లేడు చివర్ల వంపు తిరిగిన రెక్క పైకి, డెక్కు వైపు ఉండాలి. డెక్కు లోపల ఎర్రమట్టీ గడ్డీ కలిసి పిడకలా అంటుకుంది, గోకితే సగం బకెట్టు వచ్చింది.

అంతా అయ్యాక పెద్దాయన తాపీగా చెప్పారు: "వచ్చేసారి లేపకు. బెల్టు తీసి, నాలుగు పిన్నులు లాగితే ఈ డెక్కు పక్కనుంచి బయటికి వచ్చేస్తుంది." మరి ఈ మూడు గంటలు ఎందుకండీ అంటే, లేపాల్సిన పని ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా అన్నారు.

నిన్న మా ఆవిడ పెద్దాయనకి పులిహోర చేసి పంపింది. మిరపకాయలు తీసి పక్కన పెట్టి, గిన్నె ఖాళీ చేసి ఇచ్చారు.

ఇప్పుడు నాకూ సొంతంగా రెండు స్టాండ్లు, చక్రాలకి పెట్టే అడ్డుచెక్కలు నాలుగు ఉన్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరికి కావాలన్నా మెసేజ్ పెట్టి తీసుకెళ్లండి. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగించాలో కొలిచి బిగించే పానా) మాత్రం పెద్దాయనది, అడిగి ఇప్పిస్తాను, తుడిచి ఇవ్వాలి.