‘కుండలో ఏరు’ కథ గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవం నాటి ప్రార్థన వేళ మన ఐదో తరగతి విద్యార్థిని చదివిన కథ గురించి ఊళ్లో చర్చ నడుస్తున్నదని తెలిసింది. “తెలుగు చెప్పే బడిలో గోండి మాటలెందుకు?” అని కొందరు నన్నే అడిగారు, నన్ను తప్ప అందరినీ అడుగుతున్నవారి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు ఆ అమ్మాయి “మా అవ్వ కుండ నిండా ఏరు తెచ్చింది” అని రాస్తే, ‘ఏరు’ కింద ఎర్ర గీత గీసింది నేనే. గోండిలో ‘ఏర్’ అంటే నీళ్లని ఇన్నేళ్లుగా ఉట్నూరు ప్రాంతంలో పనిచేస్తున్న నాకు స్ఫురించలేదు. ఆ తరువాత చాలా నెలలు ఆమె నాలుగు వాక్యాలకు మించి రాయలేదు, అడిగినా పెదవి విప్పలేదు. ఈ ఏడు మా తెలుగు ఉపాధ్యాయురాలు ఇంటి మాటలు వాడినా కొట్టివేయనని చెప్పాక, అదే వాక్యంతో మొదలుపెట్టి ఆరు పేజీలు నింపింది. అవ్వ నెత్తి మీది కుండ దించితే అందులోంచి చేపలు, గులకరాళ్లు, చివరికి ఒడ్డునున్న ఇప్పచెట్టు నీడ కూడా బయటికి వస్తాయి! రెండు భాషల నడుమ పెరిగిన పిల్లకే ఆ ఊహ తడుతుంది. ఆ రోజు ఆమె గొంతు గేటు దాకా వినిపించింది.

గోండి, తెలుగు రెండూ ద్రావిడ భాషలే. మార్లవాయి గ్రామంలో 1940లలోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు మొదలైంది. మన గుంజాల గ్రామంలో వెలుగు చూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకు వాడే ప్రమాణంలో, చోటు దక్కింది. అటువంటి భాషను చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మని పిల్లలకు చెప్పడం నాకు చేతకాదు.

గోండి మాట్లాడితే తెలుగు రాదని ఇంట్లో పిల్లలను కసరవద్దని మనవి. మీరంతా గోండి మాట్లాడే ఇళ్లలో పెరిగే ఇంత చక్కని తెలుగు నేర్చారు కదా. పిల్లలు కథలు రాసిన పుస్తకాల్లో మూడింట పెద్దల చేతిరాత కనిపించింది. ఆ కథలు బాగానే ఉన్నాయి గానీ, పెద్దలకు మార్కులు వేసే ఏర్పాటు మా వద్ద లేదు. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసిన పిల్లలు రెండో పీరియడ్‌లో నిద్రపోతున్నారని ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. ఆధార్ నకళ్లు ఇవ్వనివారు వెంటనే ఇవ్వగలరు.

వచ్చే శనివారం మధ్యాహ్నం ఆ అవ్వగారు బడికి వచ్చి గోండిలో కథ చెబుతారు, మనవరాలు దానిని తెలుగులో చెబుతుంది. కుర్చీలు తక్కువగా ఉన్నందున వేళకు రాగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు