లంబసింగి ఘాట్‌లో రెయిన్‌కోటు

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నేను బండేసుకుని లంబసింగి కొండకి వెళ్లొచ్చానంటే, "మేఘాలు కనపడ్డాయా?" అని ఒక్క ముక్క అడిగి ఫోన్ పెట్టేశావు. మేఘాలదేముందిరా, అసలు కథ చలిది. గుంటూరులో కూర్చుని తీరిగ్గా చదువుకో.

మన బెజవాడోళ్లకి చలికాలం అంటే ఏముంది చెప్పు? ఫ్యాను ఐదు మీద నుంచి రెండుకి తిప్పితే చలికాలం వచ్చినట్టే. మా నాన్న డిసెంబరులో మంకీ క్యాపు పెట్టుకుని బందరు రోడ్డు మీద వాకింగుకి వెళ్తుంటే వెనక నుంచి నవ్వేవాళ్లం, గుర్తుందా? ఇకమీదట ఆయన్ని ఒక్క మాట అన్నా ఊరుకోను.

వెళ్లింది నేనూ, మా బాబాయి కొడుకూ. నవంబరు మొదట్లో అంత చలి ఉంటుందని ఎవడనుకుంటాడు? పైగా అల్పపీడనం, ముసురు. నర్సీపట్నంలో మావాడి స్నేహితుడు కూడా "చలి ఇంకా పడలేదు, వానకి సిద్ధపడి రండి" అన్నాడు. అందుకే రెయిన్‌కోట్లు సర్దుకున్నాం. తీరా మేం బయల్దేరిన రోజే మబ్బు విడిచిపోయింది. ఏలూరు, రాజమండ్రి, అన్నవరం దాకా ఎండ మాడు పగలగొట్టింది. తునిలో హైవే దిగి, కోటనందూరు మీదుగా నర్సీపట్నం చేరి లాడ్జిలో పడ్డాం. మబ్బు ఉన్నన్నాళ్లూ నేల వేడి పైకి పోదు. ఆకాశం తేటపడిన రాత్రి ఆ వేడంతా ఎగిరిపోతుంది. ఆ రాత్రి జరిగింది అదే.

తెల్లవారుజామున నాలుగింటికి బండి తీశాం. డౌనూరు దాటిందాకా హాయిగానే ఉంది. ఘాట్‌లో రెండు మలుపులు తిరిగామో లేదో, మోకాలి చిప్పలు పట్టేశాయి. చలంటే చెవుల్లో మొదలవుతుందనుకుంటాం కదా, బండి మీద ముందు మోకాళ్లకే తగులుతుందిరా. ఆ తర్వాత వేళ్లు. ఇండికేటర్ మీట ఎక్కడుందో బొటనవేలికి తెలియట్లేదు, తల వంచి చూసి నొక్కాల్సి వచ్చింది. హెల్మెట్ అద్దం దించితే ఊపిరికి ఆవిరి కమ్మేస్తుంది, ఎత్తితే కళ్లలోంచి ధారగా నీళ్లు. చివరికి వేలెడు సందు వదిలి పోనిచ్చాను. వెనక మావాడు నా జేబుల్లో రెండు చేతులూ దూర్చి, నన్ను అడ్డం పెట్టుకుని, "అన్నా, ఇంకెంత దూరం?" అని ఒకటే గోల. గాలంతా తింటున్నది నేను, ఏడుపు వాడిది!

లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు. ఆ ఎత్తుకే కింద కన్నా సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు బండి గాలి. బయట 10 డిగ్రీలు ఉందనుకో, 30 స్పీడులో పోతే ఒంటికి ఆరేడు డిగ్రీలున్నట్టే ఉంటుంది, 60లో అయితే ఐదే.

దారిలో ఒక చలిమంట, పక్కనే టీ బడ్డీ కనపడితే ఆపాను. హెల్మెట్ బకిల్ తియ్యడానికి వేళ్లు వంగవే! ఆ టీ కొట్టు ముసలాయన వచ్చి తనే తీశాడు. మంట దగ్గర చేతులు పెడితే వేళ్లలోకి రక్తం తిరిగొచ్చేటప్పుడు ఆ పోటు ఉంది చూశావూ, అమ్మో. ఆయన మా వాలకం చూసి, "వానకోటు ఉందేటి బాబూ? తొడిగీసుకోండి. సెటర్ ఏసినా గాలి ఆగదు" అన్నాడు. బజ్జీలు చుట్టే పాత పేపర్లు నాలుగు మడతపెట్టి చొక్కా లోపల ఛాతీ మీద పెట్టుకోమన్నాడు. ముందు నవ్వొచ్చింది గానీ, పైన రెయిన్‌కోటు వేసుకుని కిలోమీటరు పోయేసరికి దవడలు కొట్టుకోవడం ఆగింది. చొక్కా కింద పేపరు ఒకటే గరగర.

అందరూ మేఘాలు చూడ్డానికి ఎక్కే చెరువుల వేనం కొండ మీద మేఘాలు బ్రహ్మాండంగానే ఉన్నాయి, కాకపోతే మేఘాల కన్నా సెల్ఫీ కర్రలే ఎక్కువ. నాకు నచ్చింది ఆ తర్వాత చింతపల్లి వైపు దారి: సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట దెబ్బకొట్టింది ఈ చింతపల్లి పోలీస్ స్టేషన్నే. ఆ కొండల్లో రోడ్ల పనికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల్ని అరకొర కూలికి వాడుకున్నాడు. తిరుగుబాటుకి అదీ ఒక కారణం. మనం స్వెటర్ లేదని ఏడుస్తున్నాం, వాళ్లు ఆ చలిలో రాళ్లు కొట్టారు.

దిగేటప్పుడు మంచుకి రోడ్డు తడితడిగా ఉంది. రెండో గేరులో, బ్రేకు ఎక్కువ తొక్కకుండా, ఇంజన్ పట్టు మీదే దింపాను. మీ కొండవీడు ఘాట్ ఎక్కి దిగినంత సులువనుకోకు.

సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్దాం, ఈసారి నువ్వు ముందు కూర్చో, నీ జేబుల్లో చేతులు నేను పెడతాను. మీ ఆవిడ దగ్గర పర్మిషన్ సంగతి ఇప్పట్నుంచే మొదలెట్టు, గదులు తొందరగా నిండిపోతాయట. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
బావ