పింకి ఎత్తు కొలిచి పంపు

హన్మకొండ

అరేయ్ శీనూ,

"ప్లాన్ అంతా నువ్వే చూడు, పైసలు నేను కొడతా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు కదా, ఇప్పుడు ఆ ప్లాన్ మొత్తం ఓపికగా చదువు. వాట్సాప్‌లో పంపితే బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేస్తావని తెలుసు, అందుకే ఉత్తరం. చెల్లెకు కూడా చదివి వినిపించు. అసలు పనులు చేసేది ఆమే.

ముందు ఎక్కడికన్నది. మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఇదే పంచాయితీ. అమ్మ, మా ఆవిడ రామోజీ ఫిల్మ్ సిటీ అన్నారు. పిల్లలు వండర్లా అన్నారు, అదే హైదరాబాద్ అవతల ఉన్న రైడ్ల పార్కు. డాలస్‌లో ఉన్న బామ్మర్ది మధ్యలో దూరి, "కొన్నాళ్ళు ఆగి ఓర్లాండో డిస్నీకే రండి బావా, నాలుగు పార్కులున్నాయి" అన్నాడు. వీసాకు అపాయింట్‌మెంట్ దొరికేసరికి చింటుగానికి మీసాలొస్తాయి. ఆ మాట అక్కడితో వదిలేశాం.

రామోజీ ఫిల్మ్ సిటీ తక్కువదేం కాదు. 1996లో మొదలైంది, 1666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు. బస్సులో తిప్పుతూ సెట్లు చూపిస్తారు, మాహిష్మతి కోట ముందు ఫోటో దిగొచ్చు. పెద్దవాళ్ళకు సుఖం. కానీ మీ సాయి, మా మేఘన ఆ బస్సులో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. ఆ వయసుకు ఏదో ఒకటి ఎక్కాలి, అరవాలి. అందుకే ఈసారి వండర్లా. రెండూ ఒకే ట్రిప్పులో అని మాత్రం అనకు. మ్యాప్‌లో పక్కపక్కన కనిపిస్తాయి, అదే మోసం. రెండింటికీ చెరో పూర్తి రోజు కావాలి.

ఇక తేదీ. దసరా సెలవుల్లో అనగానే మా ఆవిడ అడ్డం తిరిగింది. బతుకమ్మ వదిలి ఎక్కడికీ రాను అంది. వెయ్యి స్తంభాల గుడి పక్కనే ఉండి సద్దుల బతుకమ్మకు ఊళ్ళో లేకపోతే ఎట్లా అంటే నిజమే కదా. చివరికి దారి అమ్మే చూపించింది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆ ఒక్క రోజు ఎవరికీ అభ్యంతరం లేదు! పైగా వారం మధ్యలో పడింది. సెలవుల్లో జనం ఎట్లాగూ ఉంటారు కానీ శని, ఆదివారాల రద్దీ వేరు, ఆ రోజుల్లో టికెట్ ధర కూడా ఎక్కువ. మీరు ముందు రోజే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగండి. ఆ సాయంత్రం అట్ల బతుకమ్మకు చెల్లె మా వాళ్ళతో కలిసి గుడి దగ్గర ఆడుకుంటుంది. మీ మంచిర్యాల పూలు కూడా ఒక సంచి తెమ్మను, తంగేడు ఇక్కడ కొనాల్సొస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా చదువు. అక్కడ పిల్లల టికెట్‌కు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. 140 దాటితే పెద్దవాళ్ళ టికెట్టే. మా మేఘన ఎప్పుడో దాటింది, మీ సాయి నన్నే దాటాడు, చింటుగాడు నిక్కంగా పిల్లల లెక్క. మిగిలింది మీ పింకి. పోయిన సంక్రాంతికి చూసినప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నట్టుంది. గోడకు నిలబెట్టి, చెప్పులు విప్పించి, తల మీద అట్ట పెట్టి కొలిచి పంపు. దీంట్లో తమాషా ఏమిటంటే, నీకు పింకి పొట్టిగా ఉంటే లాభం, పింకికి పొడుగ్గా ఉంటే లాభం. పెద్ద రైడ్ల ముందు కూడా ఎత్తు బోర్డులు ఉంటాయి, అందుకోకపోతే ఎంత ఏడ్చినా ఎక్కనివ్వరు. భుజాల మీదికి దిగే ఆ కడ్డీలు ఒక ఎత్తు ఉన్న ఒంటికి సరిపోయేట్టు చేస్తారు, చిన్న పిల్లలు వాటి కింది నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి గేటు దగ్గరివాడితో నువ్వు "ఒక్క ఇంచే కదా సార్" అని బేరానికి దిగొద్దు. పింకికి ఇంట్లోనే చెప్పు, ఏవి ఎక్కొచ్చు, ఏవి కుదరవు అని. అక్కడికి పోయాక తెలిస్తే ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉంటుంది.

నేను ప్లాన్ మొత్తం దీని చుట్టే కట్టాను. అందరూ ఏ రైడ్లు ఎక్కాలి అని లిస్టు రాసుకుంటారు. నాకేమో ఎక్కనివాళ్ళు ఆ టైంలో ఏం చేస్తారు అన్నదే ముఖ్యం అనిపించింది. మనం తొమ్మిది మందిమి. అమ్మ ఎక్కదు. చింటుగాడు సగానికి పైగా ఎక్కలేడు. నీకు బీపీ. దాచకు, చెల్లె చెప్పింది. బీపీ, గుండె జబ్బు, నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్ళు పెద్ద రైడ్లు ఎక్కొద్దని అక్కడే రాసి ఉంటుంది. కాలేజీ రోజుల్లో కాకతీయ యూనివర్సిటీ వాటర్ ట్యాంక్ ఎక్కిన హీరోవే, ఒప్పుకుంటా, కానీ ఇప్పుడు నీ డ్యూటీ కింద. బామ్మర్ది చెప్పిన వాటిలో ఒకటి మాత్రం పనికొచ్చింది. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని పద్ధతి ఉందట. తల్లి ఎక్కి వచ్చేదాకా తండ్రి చిన్న పిల్లతో ఉంటాడు, తర్వాత తండ్రి మళ్ళీ పెద్ద లైన్లో నిలబడకుండానే ఎక్కొచ్చు. మనం దాన్ని మన పద్ధతిలో చేద్దాం. మొదటి వంతు నేను, చెల్లె పెద్ద పిల్లలతో పోతాం. నువ్వు, మా ఆవిడ చిన్నవాళ్ళతో చిన్న రైడ్ల వైపు. తర్వాత ఆడవాళ్ళు మారతారు, నువ్వు మారవు. మళ్ళీ లైన్లో నిలబడాల్సి వస్తుంది, అది తప్పదు. ఒకే రైడ్‌కు అందరం గుంపుగా పోతే మాత్రం సగం రోజు ఎవరో ఒకరి కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుంది.

గేటు తెరిచేటప్పటికి అక్కడుండాలి. తెరవగానే రికాయిల్ అనే రోలర్ కోస్టర్ దగ్గరికి పోవాలి, లైన్ పెరిగేది దానికే. సాయికి చెప్పు, దాంట్లో ఇంజను ఉండదు. వెనక్కి పైకి లాగి వదిలేస్తారు, ఆ ఎత్తు నుంచి పడే ఊపుతోనే మెలికలన్నీ తిరిగి అవతలి గట్టు దాకా పోతుంది. అక్కడ గొలుసుతో ఇంకాస్త పైకి లాగి వదిలితే మళ్ళీ వెనక్కి, వచ్చిన దారినే. ముందుకు మూడుసార్లు తలకిందులు, వెనక్కి మూడుసార్లు. మేఘన ఈ మధ్యే స్థితిశక్తి, గతిశక్తి చదివింది, సాయికి క్లాసు పీకుతానంటోంది. ఏదైనా గానీ, ఇలాంటివి తినక ముందే అయిపోవాలి. తిన్నాక తలకిందులైతే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు, మేడారం దారిలో నీ సంగతి గుర్తుంది.

మధ్యాహ్నం తొందరగా తినేసి నీళ్ళలోకి. ఇక్కడే చెల్లెకు ముఖ్యమైన కబురు. నీళ్ళలోకి నూలు బట్టలతో దిగనివ్వరు. చీర, చుడీదార్ కూడా కుదరవు. నైలాన్, పాలిస్టర్ లాంటివే. నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, దారపు పోగులు ఊడి నీళ్ళ ఫిల్టర్లకు అడ్డం పడతాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకొచ్చి బతికే ఊరివాళ్ళం, మనకు వచ్చి నూలు వద్దంటున్నారు చూడు! మా ఆవిడ చౌరస్తాలో ఒక దుకాణం చూసి పెట్టింది, చెల్లె సైజులు చెబితే రెండిళ్ళకూ ఒకేసారి కొంటుంది. అక్కడ గేటు లోపల కొంటే ధర ఎక్కువ పడుతుంది. నీ పాత నూలు షార్ట్‌ను మాత్రం ఇంట్లోనే వదిలిపెట్టు.

తిండి లోపలికి తేనివ్వరు. పసిపిల్లల తిండి వేరే సంగతి. అమ్మ సర్వపిండి, పులిహోర చేస్తుంది, అవి దారిలో బండిలోనే ఖాళీ కావాలి. లోపల కొనుక్కుని తినడమే. ఖర్చు ఎక్కువే, దాని గురించి అక్కడ మొహం మాడ్చుకోకుండా ఇప్పుడే పక్కన పెట్టుకుందాం.

ఫోన్లు లాకర్‌లో పెడతాం కాబట్టి తప్పిపోతే ఫోన్ చెయ్యడం కుదరదు. మేడారం జాతరలో రాత్రంతా మైకులో వినిపించే పేర్లు గుర్తున్నాయా, ఫలానా ఊరి ఫలానావాళ్ళు తప్పిపోయారని? మన పేర్లు అట్లా చదివించొద్దు. పోగానే నీడ ఉన్న ఒక చోటు చూసి అమ్మను కూర్చోబెడదాం. ఆమే మన గుర్తు. ఎవరు విడిపోయినా అమ్మ దగ్గరికే రావాలి. ఆమె ఎక్కకుండా కూర్చుంటే పాపం కదా అని నేను బాధపడుతుంటే, "నన్ను జనాన్ని చూడనియ్యిరా, మీ అరుపులు ఇక్కడికే వినిపిస్తయ్" అంది. అరవై దాటినవాళ్ళకు టికెట్‌లో తగ్గింపు ఉంది, ఆధార్ పెట్టుకోవాలి.

బండి తూఫాన్ మాట్లాడాను, మనకు తెలిసిన డ్రైవరే. పొద్దుగాల చీకటితోనే బయలుదేరాలి. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దాకా పోయి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి దూరే పనే లేదు, ఉప్పల్ ట్రాఫిక్ ఊసే ఉండదు. పెద్ద అంబర్‌పేట, బొంగ్లూరు దాటాక 13వ ఎగ్జిట్, రావిర్యాల. అక్కడ దిగితే పార్కే. టోల్ కట్టాలి, కానీ ఉప్పల్‌లో గంట నిలబడటం కంటే నయం.

తిరుగు ప్రయాణంలో అమ్మ షరతు ఒకటుంది. ఆ రాత్రి యాదగిరిగుట్ట కింద రూము తీసుకోవాలి, పొద్దున్నే నరసింహస్వామి దర్శనం. 2022లో కొత్తగా కట్టి తెరిచాక ఆమె గుట్టకు పోలేదు. నాకూ ఇదే నచ్చింది, అలిసిపోయిన పిల్లల్ని అర్ధరాత్రి దాకా బండిలో కుదిపే కంటే మంచిది. మధ్యాహ్నానికి ఇంటికొస్తే వేపకాయల బతుకమ్మకు ఆడవాళ్ళు అందుకుంటారు. మీరు అక్కడితో ఆగకుండా సద్దుల దాకా ఉండొచ్చు కదా? నీ డ్యూటీ షిఫ్టు సంగతి నాకు తెలియదు, అడిగి చూడు.

వాన పడితే ఎట్లా అంటావు. చిన్న తుంపరకు ఏం కాదు, ఉరుములు మెరుపులైతే పెద్ద రైడ్లు ఆపేస్తారు. ఆ నెలలో వాన రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందరికీ ఒక్కో జత పొడి బట్టలు ఎక్కువ పెట్టుకోండి.

టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీస్తే కొంత తగ్గుతుంది. పింకిది ఏ టికెట్టో తేలితేనే నేను బుక్ చేయగలను. ఈ ఆదివారం లోగా ఆ కొలతా, బట్టల సైజులూ, నీ లీవు సంగతీ మూడూ చెప్పు. తూఫాన్ అతనికి సోమవారం అడ్వాన్స్ ఇవ్వాలి.

నీ
రాజు