కిష్టయ్య సంగతి

కావలి

చి. సుజాతకు అమ్మ ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన నవల రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. పద్మ కొడుకు ఏదో అన్నాడు, అది తర్వాత చెబుతా. అన్నం వేళకు తింటుండావా?

నీ నవలలో బ్యాంకుకు బంగారం పరీక్ష చేసే కిష్టయ్య మీద జాలి కలగాలని నీ తాపత్రయం. గిల్టు గాజులు బంగారమని బ్యాంకుకు రాసిచ్చే పని బాగా పట్టావు. పూత మందంగా ఉంటే గీటురాయి మీద పడే గీత పూతదే, యాసిడ్ చుక్కకూ చెరగదు, కోసి చూస్తేగానీ లోపలి రాగి బయటపడదు. అంతవరకూ సరే. రెండో అధ్యాయంలోనే వాళ్ళమ్మ డయాలసిస్ గురించి మూడు పేజీలు ఎందుకు? తప్పు చూడకముందే క్షమించమని అడిగినట్టుంది. అవి తీసేసి అర పేజీ పెట్టు. ఒక ముసలామె తాళి గొలుసు కుదువకు తెస్తే, సూత్రాలు విప్పి ఆమె చేతిలో పెట్టి, గొలుసు ఒక్కటే తూకం వేస్తాడు. తల్లి జబ్బు సగం కథ దాటాక ఒక్క మాటలో వస్తే చాలు. మేనేజర్ని అంత దుర్మార్గుణ్ణి చేయకు. దొంగతనం న్యాయమే అనిపిస్తే ఇక జాలితో పనేముంది? నింద మోసిన అటెండర్ ఇల్లు చూపించు. కిష్టయ్య అక్కడికి బియ్యం మూట మోసుకెళ్ళి, గుమ్మం దాకా పోయి తిరిగొచ్చేయాలి. అతని మనసులోకి మాత్రం వెళ్ళొద్దు. వెళ్ళి కూడా నేరం దాస్తే చదివేవాళ్ళు మోసం అంటారు. అతని చేతులు చూపించు.

నిజంగా జరిగిన కేసు ఒకటి చెబుతా. 1932 మార్చి 1న అమెరికాలో విమానవీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయారు. బిడ్డ అమ్మమ్మ ఇంట్లో వయొలెట్ షార్ప్ అనే పనిపిల్ల ఉండేది. ఆ రాత్రి ఎక్కడున్నావని పోలీసులు అడిగితే సినిమాకన్నది. ఏ సినిమా అంటే చెప్పలేదు, వెంట ఎవరంటే పేర్లు తెలియవంది. తర్వాత మాట మార్చి, కొత్తగా పరిచయమైనవాళ్ళతో ఊరిబయట హోటల్‌కు వెళ్ళానంది. మాట మారేకొద్దీ అనుమానం బలపడింది. జూన్ 10న మళ్ళీ విచారణ అనేసరికి వెండి సామాను తోమే విషపు మందు మింగి చనిపోయింది. ఆ తర్వాత వెతికి పట్టుకుంటే, వెంట వెళ్ళినవాళ్ళు ఆమె చెప్పింది నిజమేనన్నారు. బిడ్డ విషయంలో ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదు. దాచిందల్లా ఒక సాయంత్రం షికారు. అగాథా క్రిస్టీ 1934 నవల ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’కు ఈ కేసే మూలం. అందులోనూ అనుమానం భరించలేక ఒక దాది ప్రాణం తీసుకుంటుంది.

కిష్టయ్యా అట్లానే మొదలవ్వాలి, చెప్పుకోడానికి సిగ్గుపడే చిన్న విషయంతో. ఇంట్లో ఒక్కరికి చెప్పి ఉంటే గాజుల దాకా పోయేవాడు కాదు.

నువ్వు రెండు నెలలుగా ఆఫీసుకు పోవడం లేదని పద్మ కొడుకు అన్నాడు. నాన్నకు చెప్పలేదు. ఉద్యోగం పోతే పోయింది తల్లీ, ఎవరూ ఏమీ అనరు. నువ్వు తింటున్నావో లేదో, రాత్రిళ్ళు నిద్ర పడుతోందో లేదో అదే నా దిగులు. అద్దె కట్టావా?

ఆదివారం చినబాబు మామ పినాకినిలో మద్రాసు వస్తున్నాడు. గోంగూర పచ్చడి, కందిపొడి, రెండు వేల రూపాయలు పంపుతున్నా. పచ్చడి సీసా మూత వదులు, నిలబెట్టి పట్టుకో. స్టేషన్‌కు నువ్వే రా, ఎవర్నీ పంపొద్దు. నిన్ను కళ్ళారా చూసి రమ్మని మామకు చెప్పాను.

అమ్మ