ఆపోజిట్స్ జాబితాలు ఇక బట్టీ పట్టించకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఇంగ్లిష్ వ్యతిరేక పదాల జాబితా పిల్లల నోట్‌బుక్కుల్లో ఈ ఏడాది కనపడటం లేదని కొందరు అడిగారు. అది మానేశాం. ఎందుకు మానేశామో చెప్పడానికే ఈ ఉత్తరం.

జాబితా బట్టీ పట్టిన పిల్లలు ఒక మాటకి ఆపోజిట్ ఒక్కటే ఉంటుందని నమ్మేస్తున్నారు. ఓల్డ్ అనగానే న్యూ అంటారు. పాత సైకిలుకైతే సరే, తాతగారి గురించి చెప్పేటప్పుడు యంగ్ అనాలి కదా.

మొన్న ఆరో తరగతిలో బోర్డు మీద 'ఫ్రెష్' అని రాసి, దీనికి వ్యతిరేకం ఏమిటని అడిగాను. చేపల వ్యాపారం చేసేవాళ్ల పాప వెంటనే "ఐస్‌లో పెట్టిందండీ" అంది. అంటే ఫ్రోజెన్. పక్కనున్న పిల్లాడు బ్రెడ్డు గుర్తొచ్చి స్టేల్ అన్నాడు, అంటే నిలవది. రొయ్యల చెరువున్న ఇంటి అబ్బాయి "సాల్ట్ వాటరండీ" అన్నాడు. ముగ్గురూ రైటే. మరి మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ మధ్యరకం నీళ్లనేమంటారని ఇంకో పిల్ల అడిగింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మంచినీరు. అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోట ఉప్పన. ఆ కలిసే మేర ఆటుకి ఒకలా, పోటుకి ఒకలా, కొంచెం ఉప్పగా ఉండే నీటిని బ్రాకిష్ అంటారు. ఆ మాట చెరువు వాళ్ల అబ్బాయికి ముందే తెలుసు, వాళ్ల నాన్నగారి నోట రోజూ వింటాడట. మన పిల్లలకి ఇంటి దగ్గరే ఇంత ఇంగ్లిష్ ఉందని ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

అందుకే ఇప్పుడు జంటలు రాయించే బదులు గీత గీయిస్తున్నాం. ఒక కొసన హాట్, ఇంకో కొసన కోల్డ్, నడుమ వార్మ్, లూక్‌వార్మ్, కూల్. పసిపాపకి పోసే గోరువెచ్చని నీళ్లు లూక్‌వార్మ్ అని పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. అన్నిటికీ గీత కుదరదు. అలైవ్‌కీ డెడ్‌కీ మధ్య ఏమీ లేదు.

ఎక్కువ తప్పులు వస్తున్నది బారో, లెండ్ దగ్గర. పదో తరగతి వాళ్లు కూడా "బారో మీ యువర్ పెన్" అంటున్నారు. దానికి కారణం ఉంది. తెలుగులో ఇచ్చినా అప్పే, పుచ్చుకున్నా అప్పే. పొలం కౌలుకిచ్చామంటాం, కౌలుకి తీసుకున్నామంటాం, కౌలు అనే మాట మారదు. ఇంగ్లిష్‌లో ఇచ్చేవాళ్ల వైపు నుంచి లెండ్, పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి బారో. ఇంట్లో చేబదులు మాట వచ్చినప్పుడు ఎవరు లెండ్ చేశారు, ఎవరు బారో చేశారు అని పిల్లల్ని అడగండి, చాలు.

పెద్ద తరగతుల్లో మెచ్చుకోలు, తిట్టు కూడా చూపిస్తున్నాం. థ్రిఫ్టీ అన్నా స్టింజీ అన్నా డబ్బు తేలిగ్గా ఖర్చుపెట్టని మనిషే. పొదుపరిని థ్రిఫ్టీ అంటాం, పిసినారిని స్టింజీ అంటాం. దుబారా మనిషికి వ్యతిరేకం మొదటిది, ఇచ్చే చెయ్యి ఉన్న మనిషికి వ్యతిరేకం రెండోది.

ఒక్క విషయం మాత్రం ఈ వారమే ఇంట్లో అడిగి చూడండి. మాట ముందు 'ఇన్' తగిలితే అర్థం తిరగబడుతుందని పిల్లలు అనుకుంటారు. పెట్రోలు ట్యాంకరు మీద 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని చూసి, నిప్పంటుకోదని చెప్పిన పిల్లలున్నారు. అది ఇట్టే అంటుకుంటుందన్న హెచ్చరిక. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండింటికీ అర్థం ఒకటే. ఇన్‌వాల్యుబుల్ కూడా అలాంటిదే, విలువ లేనిదని కాదు, వెలకట్టలేనంత విలువైనదని అర్థం.

పరీక్షలో మార్కులు పోతాయేమోనని టెన్షన్ పడకండి. మాటని వాక్యంలో పెట్టి నేర్చుకున్న పిల్లలకి జంట అడిగినా చెప్పడం వస్తుంది. ట్యూషన్‌లో జాబితాలు ఇస్తుంటే, ఒక్కో మాటకి ఒక వాక్యం కూడా రాయించమని మాస్టారికి చెప్పండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి పిల్లలు గీసిన గీతలన్నీ తరగతి గోడల మీద అంటిస్తాం. మీ పిల్లల గీతలో చేర్చదగ్గ మాట తోస్తే, పెన్సిల్‌తో రాసి వెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు